గుంట ఎండేలోపు: తోకకప్ప కప్పగా మారే ఐదారు వారాలు

మృగశిర కార్తె వానలకు పొలం గట్ల పక్కన, ఇళ్ల మధ్య ఖాళీ స్థలాల్లో, రోడ్డు పనికి మట్టి తవ్వి వదిలేసిన చోట నీళ్లు నిలుస్తాయి. మన ఊళ్లలో కనిపించే కప్పల్లో చాలావాటికి గుడ్లు పెట్టడానికి చెరువు కంటే ఈ గుంటలే ఇష్టం. చెరువులో చేపలుంటాయి. మొన్నటిదాకా నెర్రెలిచ్చి ఉన్న గుంటలో చేప ఎక్కడిది? చిక్కల్లా ఒక్కటే, ఆ నీళ్లు ఎన్నాళ్లుంటాయో ఎవరూ చెప్పలేరు. గుడ్డు, తోకకప్ప (టాడ్‌పోల్), చిన్న కప్ప, పెద్ద కప్ప అని బడి పుస్తకంలో బాణం గుర్తులతో గుండ్రంగా వేసే బొమ్మలో ఈ గడువు కనబడదు. గడువును పక్కన పెట్టి చూస్తే మాత్రం కప్ప చేసే పనుల్లో సగం అర్థం కావు.

మంచి వాన పడ్డ మర్నాడు, ఎండ ముదరకముందే గుంట దగ్గరికి వెళ్తే రాత్రి ఎవరెవరు వచ్చిపోయారో గుడ్లను బట్టి చెప్పొచ్చు. నీళ్లలోని గడ్డికి చుట్టుకుని పొడవాటి జిగురు తాళ్లు, వాటి లోపల వరసగా నల్లటి చుక్కలు కనిపిస్తే అవి గోండ్రుకప్పవి. మెట్ల కింద, పూలకుండీల వెనక ఉండే బొడిపెల చర్మం కప్ప ఇదే. తాళ్లు జంటగా ఉంటాయి, ఆడకప్ప రెండు అండనాళాల నుంచి చెరొకటీ వస్తాయి గనక. గుడ్లు వేలల్లో ఉంటాయి. అరచేతి వెడల్పున ఒకే పొరగా నీటి మీద తేలే సన్నటి గుడ్ల తెట్టు కనిపిస్తే అది మైక్రోహైలాది. పెరిగినా రెండు, రెండున్నర సెంటీమీటర్లు దాటని కప్ప. దాని అరుపు విన్నవాళ్లు మాత్రం అంత చిన్నదంటే నమ్మరు. నీళ్ల తొట్టి గోడకో, నీళ్ల మీదికి వంగిన కొమ్మకో గుప్పెడంత తెల్లటి నురుగు అంటుకుని ఉంటే అది చెట్టుకప్ప గూడు. స్నానాలగది గోడ మీద కనిపించేది ఎక్కువగా ఈ కప్పే. ఆడకప్ప వదిలిన జిగురును వెనక కాళ్లతో చిలికి నురుగు చేస్తుంది. పై పొర కొన్ని గంటల్లో గట్టిపడి లోపలి తేమను కాపాడుతుంది. పిల్లలు కొద్దిరోజులు అందులోనే ఎదిగి, ఆ తర్వాత కింద నీళ్లలోకి జారిపడతాయి.

గుడ్ల రంగు కూడా గమనించండి. గుంటలో ఎండకు బయటపడి ఉండే గుడ్లకు పై సగం నలుపు, కింది సగం తెలుపు. ఆ నల్లరంగు ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుతుంది, వేడినీ పట్టి ఉంచుతుంది. నురుగులో దాక్కున్న చెట్టుకప్ప గుడ్లకు ఆ అవసరం లేదు, అవి పాలిపోయిన మీగడ రంగులో ఉంటాయి.

తొలి వానల రాత్రి బెకబెకల్లో బాగా బొంగురుగా వినిపించేది పెద్ద కప్పది, బుల్‌ఫ్రాగ్ అనేదే. ఆ సమయంలో దాని మగకప్పలు నిమ్మపండు పసుపుకు మారతాయి. గొంతు రెండు వైపులా నీలం రంగు సంచులు ఉబ్బుతాయి. అరిచేది మగవే. వాటి ముందు కాళ్ల బొటనవేళ్ల మీద ఈ కాలంలో గరుకు మెత్తలు ఏర్పడతాయి, జారుడు చర్మం మీద పట్టు దొరకడానికి. మగది ఆడదాని చంకల కింద చేతులు వేసి పట్టుకుంటుంది, అది గుడ్లు వదిలేకొద్దీ వాటి మీద వీర్యం వదులుతుంది. ఫలదీకరణ అంతా బయట నీళ్లలోనే. తొందరలో మగది ఇంకో మగదాన్ని పట్టుకోవడమూ మామూలే. అప్పుడు కింద ఉన్నది పొట్టి పొట్టిగా అరిచి విడిపించుకుంటుంది. ఈ అరుపుకూ జత కోసం పిలిచే అరుపుకూ తేడా ఒక్కసారి వింటే చాలు తెలిసిపోతుంది.

పెట్టిన గుడ్డు చుట్టూ జిగురు మొదట పలచగా ఉంటుంది. నీళ్లు పీల్చి కొన్ని గంటల్లో ఉబ్బుతుంది. ఫలదీకరణ జరిగిన గుడ్డు తన పొరలో తాను తిరిగి నల్లవైపు పైకి తెచ్చుకుంటుంది. మర్నాటికి కూడా తెల్లవైపు పైకి ఉన్నవి, మసకబారినవి పనికిరాని గుడ్లు. వాటికి పట్టే దూది లాంటి బూజు పక్క గుడ్లకూ పాకుతుంది. నీళ్లు 28, 30 డిగ్రీల వేడిలో ఉంటే గోండ్రుకప్ప గుడ్లు ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. చలిదేశాల కప్పలకు ఇదే పనికి వారాలు పడుతుంది. ఇంగ్లిష్ పుస్తకాల నుంచి తెచ్చుకున్న రోజుల లెక్కలు మన గుంటలకు సరిపోనిది అందుకే.

పొదిగిన పిల్లకు ఇంకా నోరు తెరుచుకోదు. మూతి కింద ఉండే జిగురు గ్రంథితో గడ్డికో, ఖాళీ అయిన గుడ్ల జిగురుకో అంటుకుని వేలాడుతుంది. పొట్టలో మిగిలిన పచ్చసొనే దాని తిండి. తల పక్కన పోగుల్లాంటి మొప్పలు బయటికి కనిపిస్తాయి. రెండు మూడు రోజుల్లో వాటి మీదికి చర్మం మడత పెరిగి మూసేస్తుంది, నీళ్లు బయటికి పోవడానికి ఒక చిన్న రంధ్రం మిగులుతుంది. గోండ్రుకప్ప పిల్లలో ఆ రంధ్రం ఎడమ పక్కన, మైక్రోహైలా పిల్లలో పొట్ట కింద నడిమధ్యన. ఈ ఎడమ పక్క రంధ్రాన్ని గుర్తుపెట్టుకోండి, ముందు కాళ్ల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇక తిండి. చాలా తోకకప్పల నోట్లో పక్షి ముక్కు లాంటి నల్లటి కొమ్ము ముక్కు, దాని చుట్టూ వరసలు వరసలుగా సన్నటి పళ్లు ఉంటాయి. వాటితో రాళ్ల మీది పాచిని గీరుకుని తింటాయి. గాజు సీసాలో ఒకదాన్ని వేసి భూతద్దంతో కింది నుంచి చూస్తే నోరు ఆగకుండా ఆడుతుండటం, పొట్ట చర్మం గుండా పేగు జిలేబీ చుట్టలా కనిపించడం చూడొచ్చు. పాచి తినే జీవికి అరగడానికి అంత పొడుగు పేగు కావాలి. మైక్రోహైలా పిల్లలకు ఈ పళ్లూ ముక్కూ ఉండవు. అవి గాజులా పారదర్శకంగా, నీటి పైభాగంలో కదలకుండా వేలాడుతూ, నీళ్లలోని సూక్ష్మజీవుల్ని వడకట్టి తింటాయి. బుల్‌ఫ్రాగ్ పిల్లల దారి వేరు. అవి వేటగాళ్లు. దోమ పిల్లల్ని తింటాయి, వేరే జాతి తోకకప్పల్ని తింటాయి, చివరికి తోడబుట్టినవాటినీ వదలవు. అండమాన్ దీవులకు ఈ కప్పను బయటి నుంచి తెచ్చాక అక్కడి స్థానిక కప్పల పిల్లలకు వచ్చిన ముప్పు ఇదే.

ఒకే గుంటలో మూడు నాలుగు జాతుల పిల్లలు కలిసి బతకగలిగేది ఈ తేడాల వల్లే. ఒకటి అడుగున గీరుతుంది, ఒకటి పైన వడకడుతుంది, ఒకటి మిగతావాటిని తింటుంది.

రెండో వారానికి తోక మొదట్లో రెండు మొగ్గలు కనిపిస్తాయి, అవి వెనక కాళ్లు. మూడు, నాలుగు వారాలకు వేళ్లు విడివిడిగా తెలుస్తాయి, మోకాలు వంగుతుంది. ముందు కాళ్లు కూడా దాదాపు ఇదే సమయంలో పెరుగుతుంటాయి గానీ మొప్పల్ని కప్పిన చర్మం లోపల ఉండటంతో మనకు కనబడవు. తల వెనక రెండు పక్కలా ఉబ్బు కనిపిస్తే అవి వచ్చే వేళయిందని. ఎడమ చెయ్యి మామూలుగా ఇందాక చెప్పిన రంధ్రంలోంచి బయటపడుతుంది. కుడి చేతికి అటువైపు రంధ్రం లేదు, చర్మం పలచబడి చిరిగి దారిస్తుంది. అందుకే ఒక పూట ఒంటి చేతి కప్పపిల్ల కనిపిస్తే అది అవిటిదని కంగారు పడక్కర్లేదు.

ముందు కాళ్లు వచ్చిన దగ్గర్నుంచి తోక పోయేదాకా గడిచే మూడు నుంచి ఐదు రోజులే ఈ మొత్తం వ్యవహారంలో గండం. పుస్తకాలు ఒక్క బాణం గుర్తుతో దాటేసేవి ఈ రోజుల్నే. కొమ్ము ముక్కు, పళ్లు రాలిపోతాయి. చిన్న గుండ్రటి నోరు సాగి కళ్ల కిందిదాకా చీలుతుంది. జిలేబీ చుట్ట పేగు చాలా పొట్టిదైపోతుంది, ఇకమీదట తినేది పురుగుల్ని గనక. కళ్లు పైకి ఉబ్బి, రెప్పలు వస్తాయి. మొప్పలు కరిగిపోయి ఊపిరితిత్తులు పని అందుకుంటాయి. వ్యర్థాన్ని అమ్మోనియాగా నీళ్లలోకి వదిలే శరీరం యూరియా తయారుచేయడం మొదలెడుతుంది. ఇన్ని రోజులూ అది ఏమీ తినదు, తినడానికి నోరే సిద్ధంగా లేదు. తోక ఊడి పడిపోతుందని చాలామంది అనుకుంటారు. ఊడదు. కణాల్లోని ఎంజైములు దాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తాయి, ఆ సరుకే ఈ ఉపవాసంలో ఒంటికి ఆధారం. తోక తెగిన పిల్లకు ఆ నిల్వ తగ్గినట్టే.

దీన్నంతా నడిపేది థైరాయిడ్ గ్రంథి. 1912లో గుడెర్నాచ్ అనే శాస్త్రవేత్త తోకకప్పలకు గుర్రం థైరాయిడ్ ముక్కలు తినిపిస్తే అవి వయసు రాకుండానే ఈగంత కప్పలైపోయాయి. 1916లో ఎలెన్ అనే ఆయన కప్ప పిల్లల్లో ఆ గ్రంథి మొలకను తీసేస్తే అవి మారకుండా, తోకకప్పలుగానే పెద్దగా పెరుగుతూ పోయాయి. గుంట ఎండటానికీ దీనికీ సంబంధముంది. నీళ్లు తగ్గి, రద్దీ పెరిగి, వేడెక్కితే పిల్లలో ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, అవి థైరాయిడ్‌ను తొందరపెడతాయి. దాంతో మార్పు ముందుకు జరుగుతుంది. ప్రాణం దక్కుతుంది గానీ బయటికొచ్చేది బక్క కప్ప. చిన్నగా బయటపడ్డదానికి తేమ త్వరగా ఆరిపోతుంది, నోట్లో పట్టే పురుగులూ తక్కువ. అన్నీ కుదిరిన గోండ్రుకప్ప పిల్ల కూడా గట్టెక్కేసరికి సెంటీమీటరుకు అటూ ఇటూనే ఉంటుంది. గుడ్డు నుంచి ఆ దశకు మన వేడిలో ఐదారు వారాలు.

పిల్లలకు చూపించడానికి టబ్బులో పెంచాలనుకునేవాళ్లకు ముందుగా ఒక మాట. కప్పల్లో కొన్నిటికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. పెద్ద కప్పల్ని పట్టొద్దు, అడవి ప్రాంతాల నుంచి ఏదీ తేవద్దు, బుల్‌ఫ్రాగ్ జోలికి అసలే పోవద్దు. కప్ప కాళ్ల ఎగుమతి కోసం దాన్ని లక్షల్లో పట్టిన రోజులున్నాయి, 1987లో ఆ ఎగుమతిని నిషేధించాల్సి వచ్చింది. అన్నిటికన్నా మంచిది గుంట దగ్గరే రోజూ ఓసారి చూడటం. పెరట్లో ఓ నీళ్ల తొట్టి పెడితే చెట్టుకప్ప తనంతట తానే రావచ్చు కూడా. అయినా తెచ్చి పెంచాలనుకుంటే, రోడ్డు మధ్య టైరు చాళ్లలో పెట్టిన, ఎలాగూ నలిగిపోయే గోండ్రుకప్ప గుడ్ల తాడు లాంటి దానిలోంచి జానెడు ముక్క చాలు.

టబ్బు వెడల్పుగా ఉండాలి, లోతు అక్కర్లేదు. 20 లీటర్ల నీళ్లు, 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతు, అందులో 40 తోకకప్పలకు మించి వద్దు. గోండ్రుకప్ప పిల్లలకు చివరి దశ దాకా ఊపిరితిత్తులు పనిచేయవు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే పైకొచ్చి గాలి మింగి బతికే వీలు వాటికి లేదు, రద్దీ ఎక్కువైతే మొదట పోయేవి అవే. రంగు లేత రంగైతే మేలు. నల్ల ప్లాస్టిక్ టబ్బు మధ్యాహ్నం ఎండలో నీళ్లను 40 డిగ్రీలకు లాగేస్తుంది, అంతే సంగతులు. పొద్దుటి ఎండ తగిలి, పదింటి తర్వాత నీడ పడే చోటు చూసుకోండి. రాగి, ఇత్తడి పాత్రలు వద్దు. రాగి కొద్దిగా కరిగినా తోకకప్పకు విషం. కొత్తగా కట్టిన సిమెంటు తొట్టి కూడా వద్దు, సున్నం ఊరి నీళ్లు ఘాటెక్కుతాయి. కొన్ని వారాలు నింపుతూ, పారబోస్తూ ఉంటేనే అది పనికొస్తుంది.

నీళ్లు గుంటవే సగం తెచ్చి, మిగతాది కలుపుకోవడం ఉత్తమం. మున్సిపల్ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, వెడల్పాటి బేసిన్‌లో పోసి 24 గంటలు మూత లేకుండా ఉంచండి. బోరు నీళ్లలోనూ తోడిన వెంటనే ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది, వాటినీ ఒక రోజు ఆరనివ్వండి. తాగడానికి వాడే ఆర్‌వో నీళ్లలో ఖనిజాలు దాదాపు ఉండవు, అవి వద్దు. రెండు రోజులకోసారి నాలుగో వంతు నీళ్లు తీసి, అదే వేడిలో ఉన్న నీళ్లు పోయాలి. మొత్తం ఒక్కసారే మార్చేయడం శుభ్రంగా కనిపిస్తుంది గానీ పిల్లల్ని చంపేవాటిలో అదొకటి.

తిండి తక్కువై చచ్చే తోకకప్పలు అరుదు, ఎక్కువై చచ్చేవే అన్నీ. క్యాబేజీ లోపలి ఆకు ఐదు నిమిషాలు ఉడకబెట్టి, చల్లార్చి, గోరంత ముక్కలు రెండు మూడు వేయండి. పై ఆకులకు పురుగుమందు అంటి ఉంటుంది. సాయంత్రానికి మిగిలింది తీసేయాలి. పాచి పట్టిన రాయి ఒకటి వేస్తే ఇంకా మంచిది. పాలకూర అందరూ చెబుతారు గానీ రోజూ పెడితే అందులోని ఆక్సలేటు మూత్రపిండాల్లో రాళ్లు కట్టిస్తుంది. తోటకూరదీ అదే తీరు. అన్నం మెతుకులు, బ్రెడ్డు ముక్కలు వేస్తే ఒక్క రాత్రిలో నీళ్లు పులుస్తాయి. నీళ్లు పాలలా మసకబారి, వాసన వచ్చి, పిల్లలు ఒక మూలకు చేరాయంటే అప్పటికప్పుడు మూడో వంతు నీళ్లు మార్చి, ఆ రోజు తిండి మానేయండి.

చేతులకు దోమల క్రీము, శానిటైజరు, సబ్బు ఉంటే నీళ్లలో పెట్టొద్దు. దోమల సంగతి మాత్రం అశ్రద్ధ చేయకూడదు. డెంగీ దోమకు గుడ్డు నుంచి రెక్కలు రావడానికి వారం, పది రోజులు చాలు. గోండ్రుకప్ప పిల్లలు దోమ పిల్లల్ని తినేస్తాయనే భరోసా వద్దు. టబ్బు మీద దోమతెర గుడ్డ బిగించి కట్టండి. లోపల కదులుతున్నవి కనిపిస్తే టీ వడకట్టే జల్లెడతో తీసేయండి. ఆ తెర తూనీగల్ని కూడా ఆపుతుంది. తూనీగ పిల్ల ఒక్కటి పడిందంటే రోజుకు కొన్ని తోకకప్పలు మాయమవుతాయి. గోండ్రుకప్ప గుడ్లలోనూ, పిల్లల్లోనూ విషం ఉంటుంది, చేపలు చాలావరకు ఉమ్మేస్తాయి. తూనీగ పిల్లకు అది లెక్కలేదు. పెద్ద గోండ్రుకప్పను కుక్క నోట పట్టి నురుగులు కక్కేది ఈ విషం వల్లే. ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్నది మాత్రం వట్టి మాట, పులిపిర్లు వైరస్ వల్ల వస్తాయి. కప్పను పట్టిన చేత్తో కళ్లు నలుపుకోకుండా కడుక్కుంటే చాలు.

వెనక మోకాళ్లు స్పష్టంగా వంగడం కనిపించగానే నీళ్లను 4 సెంటీమీటర్లకు తగ్గించి, ఒక ఇటుకనో ఇంటి పెంకునో ఏటవాలుగా పెట్టండి. ఒక అంచు నీళ్లలో మునగాలి, ఇంకోటి పైకి తేలాలి. నిటారు అంచు పనికిరాదు. ఈ ఒక్క పనీ వాయిదా వేయడం వల్లే ఎక్కువ టబ్బుల్లో చివరి వారం అన్నీ పోతాయి. ఐదు వారాలు బాగున్నవి ముందు కాళ్లు వచ్చిన రాత్రి మునిగి చచ్చిపోతే నీళ్లు పాడయ్యాయని అనుకుంటారు. నీళ్లు బాగానే ఉన్నాయి. మొప్పలు పోయిన జీవికి నిలబడే చోటు లేకపోయింది, అంతే.

బయట గుంటల్లో జరిగే నష్టం వేరు. దోమల నివారణకని గుంటల్లో, బావుల్లో గంబూసియా చేపల్ని వదులుతారు. ఆ చేప తోకకప్పల తోకలు కొరికి చంపుతుంది. వరి మళ్లలో దమ్ము చేశాక పెట్టిన గుడ్లకు మొదటి ముప్పు కలుపుమందు, రెండోది మధ్యలో మడి ఆరబెట్టడం. మడి మూలన కుంటలాగా అడుగున్నర లోతు తవ్వి ఉంచితే నీళ్లు తీసినప్పుడు పిల్లలు అందులోకి చేరతాయి. చెట్టుకప్ప నురుగు గూడును ఎవరో ఉమ్మారనుకుని గీకేసేవాళ్లు ఎక్కువ. తొట్టి కడగడం ఒక వారం ఆపుకుంటే సరిపోతుంది. కొమ్మకో ఆకుకో ఉంటే దాన్ని కోసి వేరే నీళ్ల టబ్బు మీద వేలాడదీయొచ్చు.

వానలు పడకపోతే తెలంగాణ పల్లెల్లో కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిరిగి కప్పతల్లి ఆడతారు. దాని మీద బిందెలతో నీళ్లు పోయడం ఆచారమే అయినా, చర్మంతో కూడా ఊపిరి తీసుకునే జీవికి ఆ ఎండలో ఆ నీళ్లే ప్రాణం. అసలైతే ఆ రోజుల్లో కప్ప భూమిలో ఉండాల్సింది. వెనక పాదం అడుగున పార లాంటి గట్టి బొడిపె ఉన్న కప్పలు వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ మట్టిలోకి దిగి, వేసవంతా కదలకుండా గడుపుతాయి.

తోక పూర్తిగా పోయిన పిల్లల్ని రెండు రోజులకు మించి ఉంచొద్దు. వాటికి కావాల్సినవి చిన్న చీమలు, ఆకుచెత్తలోని కంటికి ఆనని పురుగులు, అదీ కదిలేవే. ఇంట్లో అంత తిండి సమకూర్చలేం. గుడ్లు తెచ్చిన చోటే వదలాలి, వేరే చెరువులో కాదు. కప్పల చర్మానికి పట్టి చంపే కైట్రిడ్ ఫంగస్‌ను 1998లో గుర్తించారు, 1999లో దానికి పేరు పెట్టారు, మన పడమటి కనుమల్లోనూ అది కనబడింది. ఒక గుంట నీళ్లు, ఒక గుంట కప్పలు ఇంకో గుంటకు చేరితే రోగమూ చేరుతుంది. అందుకే టబ్బు నీళ్లు కూడా ఎండిన నేల మీదే పారబోయాలి. వదిలేది సాయంత్రం, తుంపర పడుతున్నప్పుడో నేల తడిగా ఉన్నప్పుడో, ఆకుచెత్త ఉన్న నీడలో. మధ్యాహ్నం ఎండలో సిమెంటు గచ్చు మీద వదిలితే సెంటీమీటరు కప్పలో ఉన్న తడి కాసేపటికే ఆవిరైపోతుంది.